రోహిణి కార్తెలో పదకొండు సెకన్లు

కాకినాడ జగన్నాథపురం వంతెన దాటాక, రొయ్యల కోల్డ్ స్టోరేజీ వెనకున్న మా ప్రయోగశాలలో, అబద్ధాలాడే డిస్కుల పేర్లన్నీ రాసిపెట్టిన పట్టిక ఒకటుంది. దాన్ని మేం వంకల పట్టిక అంటాం. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఆ పట్టిక చూసి పడీ పడీ నవ్విందాన్ని నేనే. ఈ కథ రాస్తున్నదీ నేనే కాబట్టి, నవ్వాక ఏం జరిగిందో దాచుకోకుండా చెబుతాను.

డిస్కులు అబద్ధాలాడతాయా అంటే, భేషుగ్గా ఆడతాయి. "రాసేశావా?" అని అడిగితే రాయకుండానే రాసేశానంటుంది ఒకటి. ఇంకొకటి తనలో ఉన్న గదులకన్నా ఒకటి ఎక్కువ చెప్పి గొప్పలు పోతుంది; సరే, ఆ ఆఖరి గదిలో ఏముందో చూపించమంటే బిగుసుకుపోయి కూర్చుంటుంది. మరొకటి మొదటి పిలుపుకి పలకదు, రెండోసారి పిలవాలి. ఇలాంటివాటన్నిటితో కాపురం చెయ్యడమే డిస్క్ డ్రైవర్ పని. అది ఒక ప్రోగ్రాము. డిస్కుకీ, ఆపరేటింగ్ సిస్టమ్‌కీ మధ్య నిలబడి, వాళ్ళ మాట వీళ్ళకీ వీళ్ళ మాట వాళ్ళకీ చెప్పే దుబాసీ అనుకోండి. ఏ డిస్కుకి ఏ వంక ఉందో ఆ దుబాసీకి ముందుగానే తెలిసుండాలి. లేకపోతే రెండు పక్షాల మధ్యా చిక్కుకుని నలిగిపోతుంది.

ఆ పట్టికంతా రాసింది వాసంశెట్టి సత్యవేణి గారు. రెండువందల పద్నాలుగు వరసలు. ఇరవై ఆరేళ్ళ పని. నేను చేరేసరికి ఆవిడ రిటైరై సామర్లకోటలో ఉంటున్నారు. పట్టిక చివర ఆవిడ రాసిపెట్టిన నియమం ఒకటే: డిస్కుని అడక్కుండా దాని వరస చెరపకూడదు. అంటే కాగితాలు చూసి, మనసుకి తోచి మార్చెయ్యకూడదు. ఆ డిస్కుని బల్లమీద పెట్టి, దాని నోటితోనే చెప్పించాలి. ఆ మాట నాకు బాగానే అనిపించింది. నాకు నవ్వొచ్చింది పక్కన రాసిన గమనికలు చూసి. ఎనభై మూడో వరస పక్కన ఇలా ఉంది: "రోహిణి, మూడో రోజు. రేకుల కింద. మధ్యాహ్నం ఒంటిగంటకి 9.4 సెకన్లు తీసుకుంది. పదకొండు ఇవ్వాలి. తొందరపెట్టొద్దు."

"ఈవిడ పంచాంగం చూసి ప్రోగ్రాములు రాసేదా?" అన్నాను పక్కసీటు వాళ్ళతో. అందరం నవ్వుకున్నాం.

ఇప్పుడు ఆ ఎనభై మూడో వరస ఎవరిదో చెప్పాలి.

మా ప్రయోగశాల చేసిన గొప్ప పని పలుకుపెట్టె. పక్షవాతంలో మాట పోయినవాళ్ళకి, ఆలోచన ఉంటుంది, నాలుక ఉంటుంది, మధ్యలో మాట దొరకదు. చెవి వెనక చర్మం కింద ఒక సన్నటి తీగ, చొక్కా జేబులో అగ్గిపెట్టంత పెట్టె. మెదడు మాట కోసం వెతుకుతున్నట్టు తీగ పసిగడుతుంది, పెట్టె ఆ మాట అందిస్తుంది, మనిషి తన నోటితోనే పలుకుతాడు. పెట్టెలో ఉండేది నిఘంటువు కాదు. ఆ మనిషి మెదడు ఆ మాటను చేరే దారి. జబ్బు చేసిన మొదటి ఆరునెలల్లోనే ఆ దారులు పడతాయి. ఒక్కో మాట కొన్ని వందలసార్లు అడిగించి, రాయించి, మళ్ళీ అడిగించి వేస్తారు. ఆ తర్వాత మెదడు గట్టిపడిపోతుంది. పోయిన మాటను మళ్ళీ నేర్పడం ఎవరి తరమూ కాదు.

మొదట్లో ప్రయోగశాలకి గతిలేదు. వాడినప్పుడల్లా మాటను మళ్ళీ కాస్త సరిచేసి రాయాలి, అప్పటి చిప్పులు ఆ రాతకి ఏడాదికే అరిగిపోయేవి. అందుకని పాత కెమెరాల్లోంచి ఊడదీసిన అంగుళం డిస్కులు, గిర్రున తిరిగేవి, ఏ ఊళ్ళో దొరికితే ఆ ఊరినుంచి తెచ్చి పెట్టెల్లో బిగించారు. ఒక్కోటి ఒక్కో రకం, ఒక్కోదానికి ఒక్కో వంక. వాటిచేత బుద్ధిగా పని చేయించిన మనిషి సత్యవేణి గారు. నలభై మంది మళ్ళీ మాట్లాడారు.

ఆ నలభై మందిలో పదిహేడో పెట్టె మేడిశెట్టి సూర్యచంద్రం గారిది; ఎనభై మూడో వరస అందులోని డిస్కుదే. బస్టాండులో ముప్ఫై ఏళ్ళు మైకులో బస్సులు పిలిచిన మనిషి. ప్రతి మంగళవారం భార్య నూకరత్నం గారితో కలిసి చెకప్‌కి వచ్చేవారు. రాగానే నిటారుగా నిలబడి, చెయ్యి నోటి దగ్గర మైకులా పెట్టుకుని, పరీక్ష కోసమని ఒకటే ప్రకటన చేసేవారు.

"ప్రయాణికులకు గమనిక. పిఠాపురం, గొల్లప్రోలు..."

ఇక్కడ ఆగేవారు. కళ్ళు పైకెత్తి, గాలిలో ఏదో వస్తున్నట్టు చూసేవారు. మేం గోడ గడియారం వంక చూసేవాళ్ళం. నూకరత్నం గారు మాత్రం సంచిలోంచి తమలపాకు తీసి తాపీగా ఈనెలు గిల్లుకునేవారు.

"...కత్తిపూడి, అన్నవరం మీదుగా తుని వెళ్ళు బస్సు, మూడవ నంబరు ప్లాట్‌ఫారంపై సిద్ధముగా ఉన్నది."

"మా ఆయనతో మాట్లాడ్డం బస్సు కోసం నిలబడ్డం లాంటిదండి," అన్నారావిడ ఒకసారి నాతో. "రాదేమో అనుకుంటామా, వచ్చేస్తది. ఆయ్, చలికాలం బేగా వస్తది, ఎండాకాలం కాస్త లేటండి."

కత్తిపూడి ఆవిడ పుట్టిల్లు. కుట్టుమిషను నేర్చుకోడానికి రోజూ అక్కణ్ణుంచి కాకినాడ వచ్చి, సాయంత్రం తుని బస్సుకోసం నిలబడేవారట. మైకులో మిగతా ఊళ్ళన్నీ మామూలుగా చెప్పి, ఆ ఒక్క ఊరి పేరు కాస్త సాగదీసి చెప్పే కుర్రాడెవరా అని ఒకరోజు అద్దం గదిలోకి తొంగి చూశారట. తర్వాతి సంగతి ఆవిడ చెప్పలేదు, సిగ్గుపడ్డారు.

నేను ఆవిడ మాటని కబురుగా విన్నానే తప్ప సమాచారంగా వినలేదు. చలికాలం త్వరగా, ఎండాకాలం ఆలస్యంగా అని నా మొహం మీదే చెప్పారు. అప్పుడే ఆ వరస దగ్గరికి వెళ్ళి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఫిబ్రవరిలో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చింది. దాని రూలు ప్రకారం ఏ పరికరమైనా ఐదు సెకన్లలో జవాబివ్వకపోతే చచ్చినట్టే లెక్క. గట్టిగా తట్టి లేపాలి, అంటే రీసెట్ చెయ్యాలి. వంకల పట్టికని దానికి తగ్గట్టు శుభ్రం చేసే పని డైరెక్టరు గారు నాకప్పగించారు. నేను ఎగిరి గంతేశాను. రెండు నెలల్లో రెండువందల పద్నాలుగు వరసల్ని అరవై ఒకటికి దించాను. వాడకంలో లేని డిస్కులవి ఎటూ తీసెయ్యాల్సినవే. మిగిలినవాటిని నియమం తప్పకుండా ఒక్కోదాన్నీ బల్లమీద పెట్టి అడిగాను.

సూర్యచంద్రం గారి డిస్కు రకంలో ఇంకా బతికున్నది ఆయన పెట్టెలోదొక్కటే. ఒక మంగళవారం మూడు గంటలు అరువడిగాను. పెట్టె తియ్యగానే ఆయన మొహంలోంచి ఏదో దిగిపోయింది. మాట లేకుండా బెంచీమీద కూర్చుని, ఇచ్చిన టీ తాగుతూ, గోడమీద నిప్పు ఆర్పే సిలిండరు వంక చూస్తూ ఉన్నారు. మూడు గంటలూ నూకరత్నం గారు ఆయన చెయ్యి వదల్లేదు. లోపల నేను ఏసీ గదిలో ఆ డిస్కుని మూడువందలసార్లు అడిగాను. ఎక్కువలో ఎక్కువ 3.1 సెకన్లు. పదకొండు కొట్టేసి ఐదు చేశాను. పక్కనున్న పంచాంగం గమనిక కూడా చెరిపేశాను.

నెలరోజులు మా దాకా ఏ గొడవా రాలేదు. కొత్త డ్రైవర్ చకచకా పని చేసింది. మీటింగులో డైరెక్టరు గారు నా పేరు చదివితే చప్పట్లు కొట్టారు. నేను చంకలు గుద్దుకున్నాను.

మే నెల మూడో వారంలో ఒకరోజు పొద్దున్నే నూకరత్నం గారు ఫోన్ చేశారు.

"మౌక్తికమ్మా, మా ఆయనకి మా ఊరు రావట్లేదండి," అన్నారు.

నాకర్థం కాలేదు. "ఊరెళ్ళనంటున్నారా?"

"ఎళ్ళడం కాదమ్మా. ఊరి పేరు. నాలుగు రోజులై ఆగుతున్నారు, ఆగుతున్నారు, ఒట్టిదే. ఆకరికి అన్నవరం అనేసి కూకుంటున్నారు. నిన్న మా తోడికోడలి పేరు కూడా పోయింది. కాఫీ తాగాక నాకేసి చూసి కళ్ళనీళ్ళెట్టుకుంటున్నారు. పెట్టెకేవైనా అయ్యిందేమో సూడండి మరి."

గంటలో ఆయన్ని తీసుకురమ్మన్నాను. పెట్టె తెరిచి, డ్రైవర్ రాసుకున్న రీసెట్ల చిట్టా చూశాను. ఏప్రిల్ చివర్లో మొదలు. ఒకటి, రెండు, మళ్ళీ రెండు, ఎండ ముదిరేకొద్దీ రోజుకి నాలుగు, ఐదు. డిస్కు ఏదో మాట కోసం వెతుకుతూ ఉంటుంది. ఐదు సెకన్లు కాగానే నా డ్రైవర్ దాన్ని తట్టి లేపుతుంది. సగంలో లేపినప్పుడల్లా ఆ పాత డిస్కు బెదిరిపోయి, వెతుకుతున్న చోటు చెడిపోయిందని తనలో తను రాసేసుకుంటుంది. ఇంక ఆ గది తలుపు తియ్యదు. అలా ముప్ఫై ఎనిమిది గదులు మూసేసింది. ముప్ఫై ఎనిమిది మాటలు. వాటిని పోగొట్టింది జబ్బు కాదు, డిస్కు కాదు. నేను.

పాత వరస వెంటనే తిరిగి పెట్టి, పెట్టె ఆయనకిచ్చేశాను. దానివల్ల ఇకముందు పోయేవి ఆగుతాయి తప్ప పోయినవి రావు. బయట బెంచీమీద సూర్యచంద్రం గారు చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని "పిఠాపురం, గొల్లప్రోలు" అని ఆగి, మళ్ళీ మొదలెట్టి, మళ్ళీ ఆగుతున్నారు. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"తప్పు నాదండి," అన్నాను. "పెట్టె ఆగాల్సినంతసేపు ఆగకుండా నేనే మార్చాను."

ఆయన నా వైపు తిరిగారు. తిడతారనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఏదో అనబోయారు. ఆ మాట కూడా పోయినవాటిలోదే కాబోలు, రాలేదు. నా తలమీద చెయ్యి పెట్టారు.

సామర్లకోటకి ఫోన్ చేసే ధైర్యం తెచ్చుకోడానికి నాకు ఇంకో అరగంట పట్టింది.

సత్యవేణి గారు మధ్యాహ్నం బస్సుకి వచ్చేశారు. డెబ్భై దాటిన మనిషి, పొట్టిగా, ముతక నేతచీర, చేతిలో ప్లాస్టిక్ బుట్ట. బుట్టలో మజ్జిగ సీసా, తడిగుడ్డ, ఒక గది థర్మామీటరు. నేను చేసిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. బల్లమీద పెట్టి అడిగాననీ, నియమం తప్పలేదనీ కూడా అన్నాను. ఆ ముక్క అనకుండా ఉండాల్సింది.

"ఎక్కడ పెట్టి అడిగావ్?"

"లోపలండి. ల్యాబులో."

"ఎంత చల్లదనం?"

"ఇరవై మూడు డిగ్రీలండి."

"ఆయన ల్యాబులో కాపురముంటున్నాడా, అమ్మాయ్?"

నాకు తలకొట్టేసినట్టయింది. ఆవిడ మాత్రం కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగారు. అది ఇంకా కష్టంగా ఉంది.

అప్పుడు చెప్పారు. ఆవిడ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ డిస్కునైనా నాలుగుసార్లు అడిగేవారట: ఏసీలో ఒకసారి, పుష్యమాసం తెల్లవారుజామున ఒకసారి, వానాకాలం ముసురులో ఒకసారి, రోహిణి కార్తెలో మా మేడమీదున్న రేకుల షెడ్డులో మిట్టమధ్యాహ్నం ఒకసారి. ఎందుకంటే పెట్టె ఉండేది మనిషి జేబులో. మనిషి ఉండేది కాకినాడలో. కార్తె పేరు రాస్తే ఎంత ఎండో, ఎలాంటి ఎండో ఈ ఊళ్ళో ఎవరికైనా తెలుస్తుందని ఆవిడ నమ్మకం. తెలియని మనిషిని నేనొకదాన్ని వస్తానని ఆవిడ ఊహించలేదు.

ఇరవై ఆరేళ్ళు. ప్రతి వేసవీ, కార్తె ఉన్న రెండువారాలూ, రేకుల కింద తడిగుడ్డ నెత్తినేసుకుని కూర్చుని, ఒక్కో డిస్కు ఎంతసేపు తడుముకుంటుందో గడియారం చూసి రాసుకున్న మనిషి. ఆ రెండువందల పద్నాలుగు వరసల్లో ఒక్కటీ చల్లగా కూర్చుని రాసింది కాదు. ఆవిడంటే నాకు ఆ నిమిషంలో కలిగిన గౌరవం ఇప్పటిదాకా ఇంకెవరిమీదా కలగలేదు.

"పోయినవి దొరుకుతాయా అండీ?" అన్నాను.

"మూసిన గదులు ఖాళీ అవ్వవు. అందులో ఉన్నది ఉంటుంది." ఆవిడ డిస్కుని అరచేతిలో పెట్టుకుని చూపుడువేలు ఆనించి, నాడి చూసినట్టు చూశారు. "దీనికి మాటలు నేర్పింది నేనే, అదే షెడ్డులో, మే నెలలో. వేడికి లోపలి పళ్ళెం వెంట్రుకలో వెయ్యోవంతు సాగుతుంది. ఆ వేడిలో రాసిన గీత చల్లగా ఉన్నప్పుడు చదవాలంటే కాస్త పక్కకి తడుముకోవాలి. మామూలప్పుడైతే ఎలాగో చదివేసేది; ఎండలో ఆలస్యమయ్యేది మోటారు అలిసి మెల్లగా తిరగడం వల్ల, అయినా గీత సరిగ్గా దొరికేది అప్పుడే. నువ్వు బెదరగొట్టావు కాబట్టి ఇప్పుడు మళ్ళీ అదే వేడి కావాలి. రోహిణి ఎప్పుడొస్తుంది?"

ఫోనులో చూశాను. "ఇంకో నాలుగు రోజులండి."

"అప్పటిదాకా దీన్ని ఆయన జేబులో తిప్పొద్దు. ముందు మంచిగా ఉన్న మాటలన్నీ కొత్త చిప్పులోకి ఎత్తి పెట్టు. షెడ్డు దెబ్బకి ఇది మళ్ళీ లేస్తుందని నేను మాటివ్వను. ముసలిది." ఆవిడ సూర్యచంద్రం గారి వైపు తిరిగారు. "నాలుగైదు రోజులు మాట లేకుండా ఉండగలవా, చంద్రం?"

ఆయన చెయ్యి నోటి దగ్గరకి తీసుకెళ్ళి, మైకు కట్టేసినట్టు సైగ చేశారు. నూకరత్నం గారు పక్కనుంచి, "ఆయనుంటారండి. నేనే ఉండలేను," అన్నారు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటూ.

రోహిణి రెండో రోజున నలుగురం మేడెక్కాం. షెడ్డులో విరిగిన కుర్చీలూ పాత సైకిలూ ఉంటే నేనే సర్ది ఊడ్చాను. పన్నెండింటికి థర్మామీటరు నలభై నాలుగు చూపించింది. సత్యవేణి గారు తడిగుడ్డ నెత్తిన కప్పుకుని పీటమీద కూర్చున్నారు. ఆవిడ చెప్పిన ఆదేశం ఒకటే. డిస్కు చెడిపోయాయని రాసుకున్న గదుల జాబితాను పక్కన పెట్టమని చెప్పి, ఒక్కో గదినీ ఒక్కసారే అడగాలి. అడిగాక నోరు మూసుకోవాలి. ఎంతసేపైనా సరే, రెండోసారి అడగకూడదు, తట్టకూడదు.

మొదటి గది అడిగాను. డిస్కు కిర్రుమంది. ఐదు సెకన్లు. ఆరు. నా వేలు దానంతట అది మీటవైపు వెళ్ళింది. ఆవిడ నా వేలిమీద చిన్నగా కొట్టారు. తొమ్మిది. తొమ్మిదిన్నర. మాట వచ్చింది.

అలా ఒకదాని తర్వాత ఒకటి. కొన్ని పది సెకన్లు, కొన్ని నిమిషం, ఒకటి ఏకంగా పద్నాలుగు నిమిషాలు. సీతాలు వచ్చింది, అది తోడికోడలి పేరు. పనసతొన వచ్చింది. ఎల్లుండి వచ్చింది. షెడ్డు గుమ్మంలో సూర్యచంద్రం గారు గొడుగు కింద స్టూలుమీద కూర్చుని, తెర మీద పడ్డ ఒక్కో మాటనీ చూసి తలూపుతున్నారు, తప్పిపోయిన పిల్లల్ని ఒక్కొక్కరినే గుర్తుపడుతున్నట్టు. నా మెడమీంచి చెమట కారి కీబోర్డు మీద పడుతోంది. నేను పుట్టి బుద్ధెరిగాక అంతసేపు ఊరుకుని ఉన్నది ఆ రోజే.

మూడింటికి ముప్ఫై అయిదు వచ్చాయి. కత్తిపూడి రాలేదు. థర్మామీటరు నలభై ఏడు. డిస్కు శబ్దం మారింది, గొంతులో గురగురలాడుతున్నట్టు.

"ఆపేద్దామా అండీ? వచ్చినవి చాలేమో," అన్నాను.

సత్యవేణి గారు నూకరత్నం గారి వంక చూశారు. ఆవిడ పవిటకొంగు వేలికి చుట్టుకుంటున్నారు.

"అడుగు," అన్నారు సత్యవేణి గారు.

అడిగాను. ఇరవై రెండు నిమిషాలు ఆ డిస్కు వెతికింది. చివర్లో సత్యవేణి గారు దానిమీద అరచెయ్యి పెట్టి, "వెతుక్కో అమ్మా, తొందరేం లేదు," అన్నారు, ఇంట్లో ముసలమ్మతో అన్నట్టు. కత్తిపూడి తెరమీద పడింది. తర్వాతి గది అడిగేసరికి డిస్కు తిరగడం ఆగిపోయింది, మళ్ళీ తిరగలేదు.

ముప్ఫై ఆరు దొరికాయి. రెండు పోయాయి. ఆ రెండు మాటలేమిటో మాకెవరికీ తెలియదు. ఆయనకీ తెలియదు. ఏదో చెప్పబోయి ఆయన ఆగినప్పుడల్లా, ఇది ఆ రెంటిలో ఒకటేమో అని ఇప్పటికీ చేస్తున్న పని ఆపి చూస్తాను.

మర్నాడు అన్ని మాటలూ ఎత్తిపెట్టిన కొత్త చిప్పు పెట్టెలో బిగించాను. అరగని రకం, ఎండకి చలించదు, కన్నుమూసి తెరిచేలోగా జవాబిస్తుంది. ఏ వంకా లేదు. ఇంక అంతా శుభమే అనుకున్నాను. నేర్చుకోవలసింది నాకింకా మిగిలే ఉంది.

సూర్యచంద్రం గారు నిలబడి చెయ్యి నోటి దగ్గర పెట్టారు.

"ప్రయాణి... పిఠా... గొల్ల, కత్తి, పిఠాపు..."

మాటలు ఒకదానిమీద ఒకటి పడిపోతున్నాయి. ఆయన ఇంకా చెయ్యి చాపకముందే మాట వచ్చి చేతిలో పడుతోంది, దాన్ని పట్టుకునేలోగా ఇంకోటి. మూడుసార్లు ప్రయత్నించి బెంచీమీద కూలబడ్డారు. పెట్టె జేబులోంచి తీసి నా ముందు పెట్టేశారు. వారంరోజులు మాట లేకుండా ఉన్నప్పుడు కూడా ఆ మొహం అలా లేదు.

నేను చిప్పు పరీక్షించాను. లోపం లేదు. మళ్ళీ పరీక్షించాను. సత్యవేణి గారు నన్నే చూస్తున్నారు. చివరికి నేను తెలివి తెచ్చుకుని అడగాల్సినవాళ్ళని అడిగాను.

"నూకరత్నం గారూ, ఏం తేడాగా ఉందండి?"

"ఆయనలా మాట్లాడరండి," అన్నారావిడ వెంటనే. "ముందు ఆగుతారు. ఆగి, మాట కోసం ఎదురు చూసి, వచ్చాక అంటారు. ఏడేళ్ళయ్యింది కదండీ, ఆయనకదే నడక. ఇదేంటండి, ఎనకాల్నించి తోసేస్తన్నట్టుంది."

అప్పుడు తట్టింది. ఏడేళ్ళుగా డిస్కు ఆలస్యానికి డ్రైవర్ ఓపిక పట్టింది. ఆ ఓపికకి తగ్గట్టు ఆయన మెదడు కూడా అలవాటు పడింది. మాట వైపు నిదానంగా నడిచి, వాకిట్లో కాస్త నిలబడి, తలుపు తీశాక లోపలికెళ్ళడం దానికి వచ్చిన పద్ధతి. ఇప్పుడు డిస్కు పోయింది. వంక పోలేదు. అది ఆయనలో ఉంది. అసలు అది వంకే కాదు, ఆయన మాట్లాడే తీరు.

తీగకి ఆయన వెతకడం మొదలైనట్టే కాదు, సిద్ధమైనట్టు కూడా తెలుస్తుంది. ఇన్నాళ్ళూ ఆ సంకేతం ఎవరికీ అవసరం పడలేదు. నేను డ్రైవర్ తెరిచి, చిప్పు మాట తెచ్చినా సరే, ఆయన అందుకునేదాకా చేతిలో పట్టుకుని నిలబడమని రాశాను. పాత చిట్టాలో ఆయన ఎక్కువగా ఆగింది తొమ్మిది సెకన్లు. ఆ లెక్కే ఇచ్చాను. తర్వాత వంకల పట్టిక చివరికి వెళ్ళి, నా పేరుమీద మొట్టమొదటి వరస రాశాను. "ఈ చిప్పులో ఏ లోపమూ లేదు. అయినా ఆగాలి, మనిషి అందుకునేదాకా. తొమ్మిది సెకన్లు. రోహిణి, మూడో రోజు. ఆయన్ని అడక్కుండా ఈ వరస చెరపొద్దు."

రేకుల షెడ్డులోనే పరీక్ష పెట్టాలని నేనే అన్నాను. నలుగురం మళ్ళీ మేడెక్కాం. సూర్యచంద్రం గారు పెట్టె జేబులో వేసుకుని, చొక్కా సర్దుకుని, చెయ్యి నోటి దగ్గర పెట్టుకున్నారు.

"ప్రయాణికులకు గమనిక. పిఠాపురం, గొల్లప్రోలు..."

ఆగారు. కళ్ళు పైకెత్తారు. నేను లెక్కపెడుతున్నాను. ఐదు. ఆరు. నూకరత్నం గారు సంచిలోంచి తమలపాకు తీసి తాపీగా ఈనెలు గిల్లుతున్నారు. ఎనిమిది.

"...కత్తిపూడి," అన్నారాయన. కాస్త సాగదీసి.

నూకరత్నం గారి చేతిలోని ఆకు జారి కింద పడింది. ఆవిడ వంగి తీసుకోలేదు. ఆయన మిగతా ప్రకటన పూర్తి చేసేదాకా, తుని బస్సు మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి నిలబడేదాకా, అలాగే చూస్తూ ఉండిపోయారు. నాకు ఏడుపాగలేదు. ఆపుకోడానికి ప్రయత్నించలేదు కూడా.

కిందికి దిగాక సత్యవేణి గారు కళ్ళజోడు పెట్టుకుని నా వరస చదివారు. మెచ్చుకుంటారేమోనని పక్కన నిలబడ్డాను. ఆవిడ రెండోసారి చదివారు.

"ఎన్నింటికి చూశావో రాయలేదు," అన్నారు.

"రెండున్నరండి. రాస్తాను."

"తొమ్మిది ఎందుకిచ్చావ్?"

"ఆయన ఎక్కువలో ఎక్కువ తీసుకున్నది అదేనండి."

"డిస్కుకి 9.4 వస్తే నేను పదకొండెందుకిచ్చానో ఆలోచించావా? అది ఆ రోజు లెక్క. రేపటి రోజు ఎలా ఉంటుందో దానికీ తెలీదు, నాకూ తెలీదు." ఆవిడ బుట్ట సర్దుకుంటూ సూర్యచంద్రం గారి వైపు చూశారు. ఆయన బెంచీమీద భార్య పక్కన కూర్చుని, ఆగి ఆగి, ఏదో చెబుతున్నారు. నూకరత్నం గారు పకపకా నవ్వుతున్నారు. "డిస్కు కంటే మనిషి ఇంకా అలిసిపోతాడు, అమ్మాయ్," అన్నారు సత్యవేణి గారు.

తొమ్మిది కొట్టేసి, పదకొండు రాశాను. పక్కన, ఆవిడ రాసినట్టే, తొందరపెట్టొద్దు అని కూడా రాశాను.